డిస్కులో ఖాళీ ఎంత?

మదనపల్లె, వాల్మీకిపురం వైపు కంప్యూటర్లు బాగుచేసే షాపులకు ఒక ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తుంటుంది. సి డ్రైవ్ తెరిచి లోపలి ఫోల్డర్లన్నీ ఎంచుకుని ప్రాపర్టీస్ చూస్తే 90 జీబీ అని ఉంటుంది. వెనక్కి వచ్చి డ్రైవ్ మీదే ప్రాపర్టీస్ చూస్తే 160 జీబీ వాడేసినట్టు ఉంటుంది. నడుమ 70 జీబీ ఏమైనట్టు? వైరస్ తినేసి ఉంటుందని ఒకరంటారు, డిస్కు పోతోందని ఇంకొకరంటారు. ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుందని చివరికి అందరూ ఒక మాట మీదికి వస్తారు. ఫార్మాట్ కొట్టాక అంకెలు సర్దుకునే మాట నిజమే. వాటితో పాటు పదేళ్ల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు కూడా సర్దుకుపోతాయి. ఈ సలహా ఇంత సులువుగా ఇవ్వడం నాకు నచ్చదు. పై రెండు అంకెలూ నిజమే అయ్యే అవకాశం ఎక్కువ. అవి వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు, అంతే.

మొదట తెలుసుకోవలసింది, డిస్కులో ఖాళీని కంప్యూటర్ కొలవదు. ఒక టీబీ హార్డ్ డిస్కును సెకనుకు 150 ఎంబీ వేగంతో మొదటి నుంచి చివరి దాకా చదవాలంటే రెండు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. మనం డ్రైవ్ తెరిచిన మరుక్షణమే ఖాళీ ఎంతో కనబడుతోందంటే, అది ఎక్కడో ముందే రాసిపెట్టిన అంకె అయి ఉండాలి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో డిస్కును 4 కేబీ ముక్కలుగా విభజిస్తారు. ఒక్కో ముక్కను క్లస్టర్ అంటారు. ఏ క్లస్టర్ నిండింది, ఏది ఖాళీ అన్నది బిట్‌మ్యాప్ అనే ఒక పట్టికలో ఉంటుంది. ఒక్కో క్లస్టర్‌కు ఒక్క బిట్: 1 ఉంటే నిండినట్టు, 0 ఉంటే ఖాళీ. టీబీ డిస్కులో ఇలాంటి క్లస్టర్లు 24 కోట్ల పైచిలుకు. వాటన్నిటి వివరం రాయడానికి 30 ఎంబీ పట్టిక చాలు. ఖాళీ ఎంత అని అడిగితే విండోస్ చెప్పేది ఈ పట్టికలోని సున్నాల లెక్క. పొలంలో ఉన్న పంట వేరు, అడంగల్‌లో ఎక్కిన పంట వేరు అని మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అడంగల్ రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది కాని ఆ తేడా రద్దు కాలేదు. డిస్కు సంగతీ అదే: ఖాళీ అంకె తప్పుగా ఉందనిపించినప్పుడు, పట్టిక తప్పిందా, మనం వేరే పట్టిక చూస్తున్నామా అన్నది ముందు తేల్చుకోవాలి. చెరపడం ఆ తర్వాత.

ఎక్కువ మందికి ఎదురయ్యే తేడా అసలు తప్పే కాదు. పెట్టె మీద 1 టీబీ అని ఉన్న డిస్కును విండోస్ 931 జీబీ అంటుంది. తయారీదారు టీబీ అంటే 1 పక్కన 12 సున్నాలు, అన్ని బైట్లు. విండోస్ ఆ బైట్లనే 1024తో మూడుసార్లు భాగించి, వచ్చిన దానికి జీబీ అని పేరు పెడుతుంది. 512 జీబీ ఎస్ఎస్‌డీ 476 గానూ, 256 జీబీ ఎస్ఎస్‌డీ 238 గానూ కనబడేది అందుకే. కేబీల దగ్గర ఈ తేడా రెండున్నర శాతం లోపే ఉంటుంది, టీబీల దగ్గరికి వచ్చేసరికి దాదాపు 10 శాతం అవుతుంది. డిస్కులు పెద్దవవుతున్నకొద్దీ ఫిర్యాదు కూడా పెద్దదవుతోంది. 1024 లెక్కకు కిబిబైట్, మెబిబైట్, గిబిబైట్ అనే వేరే పేర్లు వాడమని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే చెప్పింది. ఆపిల్ 2009 నుంచి తన మ్యాక్ కంప్యూటర్లలో తయారీదారుల లెక్కనే చూపిస్తోంది. మైక్రోసాఫ్ట్ మాత్రం పాత లెక్కనూ పాత పేరునూ వదల్లేదు. అమెరికాలో ఇది కోర్టు దాకా వెళ్లింది. కొనుగోలుదారులు వేసిన దావాలో వెస్టర్న్ డిజిటల్ సంస్థ 2006లో రాజీ పడి, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చింది. ఇంతకంటే విచిత్రం పాత ఫ్లాపీ. దాని మీద రాసిన 1.44 ఎంబీ ఈ రెండు లెక్కల్లో దేనికీ చెందదు. 1440ని 1024తో హెచ్చవేస్తే వచ్చిన బైట్లు అవి, అంటే రెండు లెక్కలనూ కలిపేసిన సంకరం.

ఇక ఫైలు పరిమాణం ఒకటి, అది డిస్కులో ఆక్రమించే జాగా ఇంకొకటి. దీన్ని ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. నోట్‌ప్యాడ్ తెరిచి "వాల్మీకిపురం" అని ఒక్క మాట టైపు చేసి యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేయండి. యూనికోడ్ లెక్కలో ఈ మాటకు 12 సంకేతాలు. వత్తులు, గుణింతపు గుర్తులు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. తెలుగు సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి ఫైలు సరిగ్గా 36 బైట్లు. దీన్ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయిన 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ప్రాపర్టీస్ చూడండి. పరిమాణం 36 బైట్లు అనే ఉంటుంది. దాని కింద, డిస్కు మీద ఆక్రమించిన పరిమాణం దగ్గర మాత్రం 128 కేబీ అని ఉంటుంది. విండోస్ 32 జీబీ దాటిన పెన్‌డ్రైవ్‌లను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు, మనం వేరే చెప్పకపోతే, క్లస్టర్‌ను 128 కేబీగా పెడుతుంది. క్లస్టర్‌ను రెండు ఫైళ్లకు పంచడం కుదరదు. ఊరి పేరు రాసిన ఒక్క మాటకు దాని సొంత పరిమాణం కంటే 3,600 రెట్లకు పైగా జాగా పోయింది.

అదే ఫైలును విండోస్ 10 లేదా 11 ఉన్న సి డ్రైవ్‌లో పెడితే ఆక్రమించిన జాగా సున్నా బైట్లని చూపిస్తుంది. ఇదీ అబద్ధం కాదు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ప్రతి ఫైలుకూ మాస్టర్ ఫైల్ టేబుల్ అనే చోట సాధారణంగా 1024 బైట్ల నమోదు ఒకటి ఉంటుంది. ఫైలు పేరు, తేదీలు అందులోనే ఉంటాయి. ఫైలు కొన్ని వందల బైట్లు మించకపోతే లోపలి విషయాన్ని కూడా అక్కడే సర్దేస్తుంది, విడిగా క్లస్టర్ కేటాయించదు.

ఒక్క ఫైలుకైతే ఇది వినోదం. వేల ఫైళ్లకైతే నష్టం. పాత తెలుగు పుస్తకాలు సేకరించేవాళ్లకు ఇది అనుభవంలోకి వచ్చే ఉంటుంది. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ముందుండి నడిపిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టు వల్ల, దానికి మన దేశపు భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్ల, వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ సైటులో పుస్తకం పేజీకి ఒక ఫైలుగా ఉండేది. నలుపు తెలుపు టిఫ్ బొమ్మ, పేజీకి కొన్ని పదుల కేబీలు. అప్పట్లో అలా పేజీలుగా దించుకున్నవి ఇప్పటికీ కొందరి దగ్గర ఉన్నాయి. పేజీ 40 కేబీ చొప్పున 300 పేజీల పుస్తకం అంటే 12 ఎంబీ. పైన చెప్పిన పెన్‌డ్రైవ్‌లో అది 38 ఎంబీలకు పైగా మింగుతుంది. 20 జీబీల పుస్తకాలు ఉన్నాయి, 64 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను, అయినా చాలడం లేదని ఎవరైనా అంటే వైరస్‌ను వెతకనక్కర్లేదు. ఒక్కో పుస్తకాన్ని ఒక్క పీడీఎఫ్‌గానో జిప్‌గానో మార్చితే సరి. పెన్‌డ్రైవ్‌ను చిన్న క్లస్టర్‌తో మళ్లీ ఫార్మాట్ చేసినా సరిపోతుంది. రెండో దానికి ముందు అందులోవి వేరే చోట దాచుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మొదటి ఫిర్యాదుకు, ఆ 70 జీబీల దగ్గరికి వద్దాం. ఫోల్డర్లన్నీ ఎంచుకుని కూడినప్పుడు లెక్క వేసేది మన పేరు మీద నడిచే ఎక్స్‌ప్లోరర్. మనకు చూసే హక్కు లేని చోటికి అదీ వెళ్లలేదు. వెళ్లలేని చోటును సున్నాగా తీసుకుని ఊరుకుంటుంది, ఫలానా చోట చూడలేకపోయానని చెప్పదు. నా దృష్టిలో లోపం అంటూ ఉంటే అది ఇక్కడే, ఈ మౌనంలోనే. బిట్‌మ్యాప్ నుంచి వచ్చిన అంకెకు హక్కులతో పని లేదు, నిండిన క్లస్టర్లన్నీ అందులో ఉంటాయి.

అలా చూపు దాటిపోయే వాటిలో పెద్దది సాధారణంగా సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్. సిస్టమ్ రిస్టోర్ కోసం విండోస్ దాచుకునే పాత ప్రతులు ఇందులో ఉంటాయి. ఎంతవరకు పెరగవచ్చన్న పరిమితి సిస్టమ్ ప్రొటెక్షన్ పేజీలో ఉంటుంది, అక్కడే తగ్గించవచ్చు. కంప్యూటర్ ఆపేటప్పుడు ర్యామ్‌లోని స్థితిని దాచుకునే హైబర్నేషన్ ఫైలు ఇంకొకటి. విండోస్ 10లో అది మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, అంటే 8 జీబీ ర్యామ్ ఉంటే 3 జీబీల పైన. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు కూడా డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది, కాని రక్షిత ఫైళ్లను చూపించమని అడిగితే తప్ప కనబడదు. 2019 మే తర్వాతి విండోస్ కొత్తగా ఎక్కించుకున్నవాళ్లకు అప్‌డేట్ల కోసం దాదాపు 7 జీబీ ముందే పక్కన పెట్టి ఉంటుంది. పెద్ద అప్‌డేట్ వచ్చిన కొత్తలో పాత విండోస్ మొత్తం ఒక ఫోల్డర్‌లో మిగిలి ఉంటుంది. వెనక్కి వెళ్లాలనుకుంటారేమోనని ఉంచిన ఆ ప్రతిని పది రోజులయ్యాక విండోసే తీసేస్తుంది. కాబట్టి అప్‌డేట్ మర్నాడు డ్రైవ్ నిండిపోయిందని కంగారు పడేవాళ్లు రెండు వారాలు ఆగగలిగితే కంగారు దానంతటదే తగ్గుతుంది.

లెక్క ఎప్పుడూ ఒకవైపే తప్పుతుందని అనుకోకూడదు. విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఉపఫోల్డర్ ఉంది. ఎక్స్‌ప్లోరర్ దీన్ని ఉన్నదానికంటే లావుగా చూపిస్తుంది. అందులోని చాలా ఫైళ్లు హార్డ్ లింకులు, అంటే డిస్కు మీద ఒకే ఫైలుకు రెండు చోట్ల రెండు పేర్లు. ఎక్స్‌ప్లోరర్ పేర్లను లెక్కపెట్టి రెండుసార్లు కూడుతుంది. ఇది చూసి ఆ ఫోల్డర్‌ను చేత్తో చెరిపినవాళ్లకు మిగిలేది బూట్ కాని కంప్యూటర్. వన్‌డ్రైవ్ ఇంకో రకం. 2017 చివరి నుంచి ఫైలు ఇంటర్నెట్‌లోనే ఉండి, పేరు మాత్రం మన కంప్యూటర్‌లో కనబడే ఏర్పాటు వచ్చింది. ఫోల్డర్ పరిమాణం 50 జీబీ అని చూపినా డిస్కు మీద ఆక్రమించింది దాదాపు ఏమీ ఉండకపోవచ్చు. దాన్ని చెరిపితే ఇక్కడ జాగా రాదు, అక్కడున్న అసలు ఫైలు పోతుంది.

కాబట్టి వెతికే పద్ధతి ఇలా ఉంటే మంచిది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ పేజీ తెరిచి, సిస్టమ్ అండ్ రిజర్వ్‌డ్ అన్న భాగంలోకి వెళ్లండి. హైబర్నేషన్‌కు ఎంత, రిస్టోర్‌కు ఎంత అని విండోస్ అక్కడ విడివిడిగా చెబుతుంది. ఇంకా లెక్క తేలకపోతే విన్‌డిర్‌స్టాట్ గానీ విజ్‌ట్రీ గానీ తెచ్చుకుని, తప్పనిసరిగా అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడపండి. మామూలుగా నడిపితే వాటి చూపు కూడా ఎక్స్‌ప్లోరర్ చూపు దగ్గరే ఆగుతుంది. విజ్‌ట్రీ ఫోల్డర్లు తిరక్కుండా మాస్టర్ ఫైల్ టేబుల్‌నే నేరుగా చదువుతుంది, అందుకే అంత వేగం.

ఫొటో స్టూడియోల ఇబ్బంది వేరు. వాళ్ల అంకె నిలకడగా ఉండదు. పొద్దున 60 జీబీ ఖాళీ, పెళ్లి ఆల్బమ్ డిజైన్ మధ్యలో 9 జీబీ, సాయంత్రం అన్నీ మూసేశాక మళ్లీ 58. ఫొటోషాప్ తనకు ర్యామ్ చాలనప్పుడు డిస్కులో స్క్రాచ్ ఫైలు రాసుకుంటుంది. పెద్ద షీట్లు, పదుల లేయర్లు ఉన్న ఆల్బమ్‌కు అది పదుల జీబీలు కావడం వింత కాదు. ప్రోగ్రాం మూసేటప్పుడు దాన్ని తనే చెరిపేస్తుంది. కరెంటు పోతే చెరిపే అవకాశం ఉండదు, ఫైలు అనాథగా మిగిలిపోతుంది. గాలివానలకు కరెంటు పోయే మన ఊళ్లలో, యూపీఎస్ బ్యాటరీ బలం తగ్గిన స్టూడియోలో, ఇలాంటివి నాలుగైదు పోగైతే డ్రైవ్ నిండినట్టే. ఫొటోషాప్ టెంప్ అనే పేరుతో మొదలయ్యే ఫైళ్లను, ఫొటోషాప్ మూసి ఉన్నప్పుడు, వెతికి తీసేయవచ్చు. స్క్రాచ్‌కు సి డ్రైవ్ బదులు వేరే డ్రైవ్ కేటాయించడం ఇంకా మంచిది.

కుప్పంలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 2002లో ఐ-కమ్యూనిటీ అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, స్వయం సహాయక బృందాల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటర్ ఇచ్చి ఊరూరా ఫొటోలు తీయించింది. ఆ రోజుల్లో ఇంటి కంప్యూటర్ హార్డ్ డిస్కు 20, 40 జీబీలు. ఇప్పుడు ఒక్క పెళ్లి వీడియోకే అంతకంటే ఎక్కువ కావాలి. పెరిగింది డిస్కే కాదు, ఫైలు కూడా. అందువల్ల ఖాళీ ఉన్నా రాయలేని స్థితి ఒకటి వస్తుంది. 32 జీబీ పెన్‌డ్రైవ్ పూర్తిగా ఖాళీగా ఉంది, 5 జీబీ వీడియో కాపీ కానంటుంది. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉండి ఉంటుంది. అందులో ఫైలు పరిమాణం రాసే గడి 32 బిట్లదే. 4 జీబీకి ఒక బైటు తక్కువ దాకానే ఫైలు ఉండగలదు. ఖాళీ అంకెలో తప్పు లేదు, అది మనకు కావలసిన ప్రశ్నకు జవాబు కాదు.

ఇదే 32 బిట్ల ఇరుకు ఒకప్పుడు ఖాళీ అంకెనే తప్పుగా చూపించింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ షాపుల్లో పాత విండోస్ కంప్యూటర్లు ఇప్పటికీ పనిలో ఉన్నాయి. విండోస్ 95 మొదటి రోజుల్లో ఖాళీ ఎంతో తెలుసుకోవడానికి ప్రోగ్రాములు విండోస్‌ను అడిగే పిలుపు (ఫంక్షన్ కాల్) 2 జీబీకి మించి చెప్పలేకపోయేది. తర్వాత పెద్ద అంకెలు చెప్పే పిలుపు వచ్చింది గాని, పాత ప్రోగ్రాములు కొన్ని వచ్చిన అంకెను 32 బిట్లలోనే కుక్కుకున్నాయి. అలా కుక్కితే 2 నుంచి 4 జీబీల మధ్య ఖాళీ రుణ సంఖ్యగా మారుతుంది, 4 జీబీ దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. వందల జీబీలు ఖాళీ ఉన్న డ్రైవ్‌లో పాత ఇన్‌స్టాలర్ ఒకటి జాగా చాలదని మొండికేస్తే కారణం ఇదే కావచ్చు. అప్పటి షాపులవాళ్లు కనిపెట్టిన చిట్కా తమాషాగా ఉన్నా శాస్త్రీయమే: ఒక పెద్ద ఫైలును డ్రైవ్‌లో పడేసి ఖాళీ తగ్గించడం. జాగా తగ్గాక ప్రోగ్రాం జాగా ఉందని ఒప్పుకుంటుంది.

అంగళ్లులోని మిట్స్‌లోనో కలికిరి జేఎన్‌టీయూ కాలేజీలోనో చదివే పిల్లలు విండోస్ పక్కనే ఉబుంటు వేసుకుంటారు. అక్కడ ఇదే సమస్య ఇంకో వేషంలో వస్తుంది. లినక్స్‌లో ఖాళీ అడగడానికి రెండు కమాండ్లు ఉన్నాయి. డీఎఫ్ అన్నది ఫైల్ సిస్టమ్ పట్టికను అడుగుతుంది. డీయూ అన్నది ఫోల్డర్లు తిరిగి ఫైళ్లను కూడుతుంది. రెండూ కలవకపోతే మొదటి అనుమానం, చెరిపినా ఇంకా తెరిచే ఉన్న ఫైలు మీద పడాలి. లినక్స్‌లో చెరపడమంటే ఫోల్డర్ నుంచి పేరు తీసేయడమే. ఏదైనా ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉంటే జాగా విడుదల కాదు. పేరు పోయింది కాబట్టి డీయూకు కనబడదు, జాగా పోలేదు కాబట్టి డీఎఫ్ లెక్కలో ఉంటుంది. ఆ ప్రోగ్రాంను ఆపితే, లేదా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే, జాగా తిరిగి వస్తుంది. ఇది కాక, ఈఎక్స్‌టీ4 పద్ధతిలో మామూలుగా 5 శాతం జాగాను రూట్ వాడుకరికి వదిలిపెడతారు. టీబీ డిస్కులో అది 50 జీబీ. సిస్టమ్ డిస్కుకు అది అవసరమే, సినిమాలు దాచుకునే డిస్కుకు అక్కర్లేదు, తగ్గించుకోవచ్చు. ఇంకో అరుదైన సంగతి: ఖాళీ జీబీల్లో ఉండి కూడా కొత్త ఫైలు పుట్టకపోతే ఐనోడ్లు అయిపోయాయేమో చూడాలి. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ కావాలి, వాటి సంఖ్య ఫార్మాట్ రోజునే ఖరారవుతుంది.

రెండు సిస్టమ్‌లు పక్కపక్కనే ఉన్నచోట అసలైన ప్రమాదం ఫాస్ట్ స్టార్టప్‌తో. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆపడం కాదు. సిస్టమ్ స్థితిని డిస్కులో దాచి, మర్నాడు అక్కడి నుంచే కొనసాగుతుంది. ఆ నడుమ ఉబుంటు నుంచి విండోస్ డ్రైవ్‌లో ఏమైనా రాస్తే, మర్నాడు లేచిన విండోస్ తన జ్ఞాపకంలోని పాత పట్టికనే నమ్ముతుంది. అందుకే అలాంటి డ్రైవ్‌ను చదవడానికే తప్ప రాయడానికి లినక్స్ మామూలుగా ఒప్పుకోదు. బలవంతం చేసి రాసే బదులు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయడం మేలు.

దీంతో పట్టికే తప్పే సందర్భాలకు వచ్చాం. ఎన్‌టీఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4 రెండూ తాము చేయబోయే మార్పును ముందు ఒక చిట్టాలో రాసుకుని తర్వాత చేస్తాయి. మధ్యలో కరెంటు పోయినా లేచాక చిట్టా చూసి సర్దుకుంటాయి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు ఆ చిట్టా లేదు. పెన్‌డ్రైవ్‌ను కాపీ నడుస్తుండగా లాగేస్తే తప్పు మిగిలిపోయేది అందుకే. ఫ్యాట్32లో ఖాళీ క్లస్టర్ల సంఖ్యను ఒక ప్రత్యేక సెక్టార్‌లో రాసి ఉంచుతారు, అదీ ఒక సూచనగా మాత్రమే. లినక్స్ ఆ సూచనను మామూలుగా నమ్మదు, తనే లెక్కపెట్టుకుంటుంది. విండోస్ కొన్ని సందర్భాల్లో దాన్ని సరిగా నవీకరించదన్నది లినక్స్ రూపకర్తలు చెప్పిన కారణం. ఒకే పెన్‌డ్రైవ్ రెండు కంప్యూటర్లలో రెండు ఖాళీలు చూపిస్తే ఇది గుర్తుకు రావాలి.

పట్టిక తప్పిందా లేదా అన్నది తేల్చడానికి విండోస్‌లో చెక్‌డిస్క్ ఉంది. డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్ పేజీ నుంచి దీన్ని నడపవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఏ అదనపు మాటా చేర్చకుండా నడిపితే అది చూసి చెబుతుందే గాని ఏమీ మార్చదు. ఖాళీ స్థలం నిండినట్టు బిట్‌మ్యాప్‌లో నమోదై ఉందని అది చెప్పిందంటే, అప్పుడు మనం వెతుకుతున్న అసలైన తప్పు దొరికినట్టు. దిద్దమంటే నిమిషాల్లో దిద్దుతుంది. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఏ ఫైలుకూ చెందకుండా మిగిలిన క్లస్టర్లను అది ఒక ఫోల్డర్‌లో వరుస నంబర్ల పేర్లతో చేర్చి పెడుతుంది. వాటిని వెంటనే పారేయకండి. పోయిందనుకున్న ఫొటో ఒక్కోసారి అందులో ఉంటుంది. లినక్స్‌లో ఇదే పని ఈ2ఎఫ్ఎస్‌సీకే చేస్తుంది. పట్టికలో రాసి ఉన్న ఖాళీ ఇంత, తను లెక్కపెట్టింది ఇంత అని రెండు అంకెలనూ పక్కపక్కన చూపించి దిద్దమంటారా అని అడుగుతుంది. ఎక్స్‌ప్లోరర్‌లో లేనిది ఈ మర్యాదే. డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి ఉంచినప్పుడే ఈ2ఎఫ్ఎస్‌సీకేను నడపాలి.

అయితే డిస్కు శబ్దం చేస్తున్నా, కాపీలు మధ్యలో ఆగిపోతున్నా చెక్‌డిస్క్ జోలికి వెళ్లవద్దు. ప్రతి సెక్టార్‌నూ చదివే దాని లోతైన పరీక్ష గంటల తరబడి డిస్కును తిప్పుతుంది, పోయే డిస్కును ఇంకా తొందరగా పోగొడుతుంది. ముందు ఫైళ్లు వేరే డిస్కుకు చేర్చాలి. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ వివరాలు చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ప్రోగ్రాంలో, పాడై మార్చిన సెక్టార్ల సంఖ్య పెరుగుతూ ఉంటే ఆ డిస్కును ఇక నమ్మకూడదు.

పెన్‌డ్రైవ్‌ల విషయంలో ఇంకో రెండు మాటలు. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని వచ్చాక పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ల బదులు షార్ట్‌కట్లే కనబడి, వాడిన జాగా మాత్రం తగ్గకపోతే ఫైళ్లు అందులోనే ఉన్నాయి. షార్ట్‌కట్ వైరస్ అని మన దగ్గర పిలిచేది ఫైళ్లను చెరపదు. వాటికి దాచిన ఫైలు, సిస్టమ్ ఫైలు అనే గుర్తులు పెట్టి, అదే పేరుతో షార్ట్‌కట్లు చేసి పెడుతుంది. వాటిని నొక్కకుండా, ముందు యాంటీవైరస్ నడిపి, ఆ గుర్తులు తీసేస్తే ఫైళ్లు తిరిగి వస్తాయి. ఇక్కడ ఖాళీ అంకె ఒక్కటే నిజం చెబుతోంది.

అంకె ఒక్కటే అబద్ధం చెప్పే చోటు కూడా ఉంది. కొన్ని వందలకే 2 టీబీ పెన్‌డ్రైవ్ అని అమ్మేవాటిలో అసలు చిప్ 16 జీబీదో 32 జీబీదో ఉంటుంది. లోపలి కంట్రోలర్‌ను మాత్రం 2 టీబీ అని చెప్పేలా మార్చి ఉంటారు. పట్టిక మొదట్లో, అసలు చిప్ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి ఖాళీ లెక్క ముచ్చటగా నడుస్తుంది. అసలు సామర్థ్యం దాటాక రాసినవి గాల్లో కలిసిపోతాయి, లేదా పాతవాటి మీద పడతాయి. దీన్ని చెక్‌డిస్క్ పట్టలేదు. మొత్తం నింపి, తిరిగి చదివి, రాసినదే వచ్చిందా అని పోల్చడమే నమ్మదగిన మార్గం. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి. పెళ్లి వీడియో అందులో పెట్టి పెళ్లికూతురి ఇంటికి పంపే ముందు ఈ పరీక్షకు ఒక రాత్రి కేటాయించడం దండగ కాదు.

జాగా చాలదని కంగారులో ఏదో చెరిపేసినవాళ్ల సంగతి మిగిలింది. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి ఉంటే, ఖాళీ అంకె పెరిగిన క్షణంలో మారింది పట్టికలోని బిట్లే. పాత హార్డ్ డిస్కులో ఆ ఫొటోలు ఇంకా అక్కడే ఉంటాయి, కొత్తది ఏదైనా వాటి మీద పడేదాకా. ఎస్ఎస్‌డీలో అంత వ్యవధి ఉండదు. చెరిపిన క్లస్టర్లు ఇక అక్కర్లేదని విండోస్ ట్రిమ్ అనే ఆదేశంతో ఎస్ఎస్‌డీకి చెప్పేస్తుంది, అది తన తీరిక చూసుకుని వాటిని నిజంగానే తుడిచేస్తుంది. అందుచేత పొరపాటు తెలిసిన వెంటనే కంప్యూటర్‌ను ఆపేయాలి. రికవరీ ప్రోగ్రాంను అదే డ్రైవ్‌లో ఎక్కించకూడదు, ఎక్కించే ఆ ప్రోగ్రామే పోయిన ఫొటోల మీద పడవచ్చు. డిస్కును ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి అక్కడి నుంచి వెతకాలి, దొరికినవాటిని మూడో చోట సేవ్ చేయాలి.